సుస్థిర అభివృద్ధి ప్రచారాల్లో పాల్గొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అంటే ఏవి?

2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్య సమితిలో 193 సభ్యదేశాలు ఆమోదించిన 17 లక్ష్యాలు. వాటి కింద 169 ఉపలక్ష్యాలు, ప్రగతిని కొలిచేందుకు 230కి పైగా సూచికలు ఉన్నాయి. 2016 జనవరి 1 నుంచి అమలు మొదలైంది, గడువు 2030. వీటికి ముందున్న సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలు ఎనిమిదే. అవి ప్రధానంగా పేద దేశాలను ఉద్దేశించినవి. ఇప్పటివి ధనిక దేశాలకూ వర్తిస్తాయి కాబట్టి, మీరు ఏ దేశంలో ఉన్నా అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ప్రభుత్వాలు వీటిని తప్పనిసరిగా అమలు చేయాలా?

చట్టరీత్యా కాదు. ఇది తీర్మానమే తప్ప ఒడంబడిక కాదు. అమలు చేయలేదని ఏ దేశాన్నీ అంతర్జాతీయ కోర్టుకు లాగలేం. ఐరాస 2024 నివేదిక ప్రకారం, అంచనా వేయడానికి వీలున్న ఉపలక్ష్యాల్లో 17 శాతమే సరైన దారిలో ఉన్నాయి. మూడో వంతుకు పైగా ఆగిపోయాయి, లేదా వెనక్కి నడిచాయి. అడిగేవాళ్లు లేని చోట మాట ఇచ్చినవాళ్లు దాన్ని మర్చిపోవడం మామూలే. అలా అడిగేవాళ్లుగా నిలబడటమే ప్రచారం చేసే పని.

ఎక్కడ మొదలుపెట్టాలి? పదిహేడూ ముఖ్యమే కదా!

పదిహేడూ ముఖ్యమే, కానీ పదిహేడింటి మీదా ప్రచారం చేయలేం. 'పేదరికం పోవాలి', 'భూమిని కాపాడాలి' లాంటి మాటలు ఏ అధికారి ముందు పెట్టినా ఆయన తల ఊపుతాడు, అక్కడితో సరి. లక్ష్యం అంకె మీద ఆగిపోకుండా ఉపలక్ష్యం దాకా దిగండి.

వాటిని చదవడం తేలిక. చుక్కకు ముందున్నది లక్ష్యం సంఖ్య (6 అంటే నీరు, పారిశుద్ధ్యం). చుక్క తర్వాత అంకె ఉంటే (6.1, 6.2) అది సాధించాల్సిన ఫలితం. అక్షరం ఉంటే (6.ఎ, 6.బి) అందుకు కావలసిన సాధనం: డబ్బు, సాంకేతికత, స్థానికుల భాగస్వామ్యం వంటివి. ఉదాహరణకు 6.బి, నీరు, పారిశుద్ధ్యం నిర్వహణలో స్థానిక ప్రజల పాత్రను బలపరచాలంటుంది. మీ దగ్గర నీటి కమిటీ కాగితాల మీదే ఉంటే, మీకు పనికొచ్చేది అదే. అక్షరాల ఉపలక్ష్యాలను చాలామంది చదవకుండా వదిలేస్తారు. నిధుల గురించి అడగాలనుకునేవారికి అసలు సరుకు అక్కడే ఉంది.

ఎంచుకునేముందు మూడు సంగతులు చూసుకోండి. ఆ సమస్య మీకు దగ్గరగా కనిపిస్తోందా? దాన్ని మార్చగల అధికారం మీరు చేరుకోగల మనిషి చేతిలో ఉందా? ఏడాది, రెండేళ్లలో ఆ మనిషి తీసుకోబోయే నిర్ణయం ఏదైనా ఉందా (బడ్జెట్, టెండరు, చట్ట సవరణ, ప్రణాళిక)? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, మొదటి రెండూ ఎంత బాగున్నా ప్రచారం ఆరంభశూరత్వంగానే మిగులుతుంది.

ఎవరిని అడగాలో ఎలా తెలుస్తుంది?

సంతకం ఎవరిదో చూడండి. ఒక నీటి పథకానికి మంత్రి ప్రారంభోత్సవం చేస్తారు. అంచనా ఇంజనీరు తయారుచేస్తాడు, మంజూరు మరో శాఖ ఇస్తుంది, నిర్వహణ ఖర్చు స్థానిక సంస్థ భరిస్తుంది. పైపు వేసి నీళ్లు రాకపోతే మంత్రిని అడిగి లాభం లేదు. నీరు తోడే మోటారు కరెంటు బిల్లు కట్టాల్సింది ఎవరో వారిని అడగాలి. ఒక కాగితం మీద నాలుగు వరుసలు గీసుకుని నిర్ణయించేవారు, డబ్బిచ్చేవారు, అడ్డుపడేవారు, వీరిలో ఒకరి మాట ఇంకొకరు వినేలా చేయగలవారు ఎవరో పేర్లతో రాయండి. శాఖ పేరు కాదు, పదవిలో ఉన్న మనిషి పేరు. పేరు రాయలేకపోతే ఇంకా వాకబు చేయాల్సి ఉందన్నమాట.

వినతిపత్రం ఎలా రాయాలి?

ఒక్క పేజీ. మొదటి వాక్యంలోనే కోరిక ఉండాలి. ఏమి చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా. తర్వాతి పేరాలో మీరు స్వయంగా సేకరించిన లెక్క. ఆ తర్వాత, ప్రభుత్వం ఇప్పటికే ఒప్పుకున్న మాట (ఉపలక్ష్యం, సొంత విధానం, ఎన్నికల హామీ) ఏదో చూపాలి. చివర్లో జవాబు ఏ తేదీకి కావాలో, ఎవరికి పంపాలో ఉండాలి.

ఎక్కువగా దొర్లే తప్పు, కోరికల జాబితా. పది కోరికలుంటే అధికారి అన్నిటికంటే తేలికైనది ఒకటి ఎంచుకుని దానికి 'అనుకూలంగా స్పందించి' ఫైలు మూసేస్తాడు. రెండో తప్పు 'తగిన చర్యలు తీసుకోగలరు' అని ముగించడం. ఏది తగినదో మీరే చెప్పకపోతే అది వాళ్లిష్టం. 'నీటి సమస్య పరిష్కరించాలి' అనే బదులు 'మూడో వార్డులో ఆగిపోయిన రెండు బోర్లకు మోటార్లు మార్చి, మార్చి 31లోగా రోజూ నీరు ఇవ్వాలి' అని రాయండి. అది జరిగిందో లేదో ఏప్రిల్ 1న చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు.

ఇచ్చాక రసీదు, లేదా మీ నకలు మీద ముద్ర, తేదీ తప్పక తీసుకోండి. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే లెక్క.

ఎన్ని సంతకాలు కావాలి?

నిబంధన ఉన్న చోట నిబంధన ప్రకారం. బ్రిటన్ పార్లమెంటు వెబ్‌సైటులో 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, 1,00,000 దాటితే చర్చకు పరిశీలిస్తారు. యూరోపియన్ యూనియన్‌లో సిటిజన్స్ ఇనిషియేటివ్‌కు (చట్టం ప్రతిపాదించమని పౌరులే అడిగే పద్ధతి) ఏడాదిలో పది లక్షలు కావాలి, కనీసం ఏడు సభ్యదేశాల్లో ఒక్కో దేశానికి నిర్ణయించిన కనీస సంఖ్య కూడా దాటాలి. ఆ మెట్టు మొదట ఎక్కింది నీటి హక్కు ప్రచారమే, 16 లక్షలకు పైగా సంతకాలతో, 2013లో. దాని ఫలితంగా తాగునీటి చట్టం సవరణ పూర్తయ్యేసరికి 2020 డిసెంబరు వచ్చింది. సంతకాలకు ఏడాది, ఆ తర్వాతి పనికి ఏడేళ్లు. ప్రచారం మొదలుపెట్టేవాళ్లు ఈ నిష్పత్తిని గుర్తుంచుకుంటే మంచిది.

నిబంధన లేని చోట అంకె కంటే ఎవరు సంతకం పెట్టారన్నది ముఖ్యం. స్థానిక ప్రతినిధికి ఆయన నియోజకవర్గంలోని 400 మంది సంతకాలు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన 40,000 కంటే బరువు. అందుకే చిరునామా వరుస లేకుండా సంతకాలు సేకరించకండి.

పెద్ద అంకెలు పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. పేద దేశాల అప్పులు రద్దు చేయాలని సాగిన జూబిలీ 2000 ప్రచారం 2 కోట్ల 40 లక్షల సంతకాలు సేకరించింది. 1998 మే నెలలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో జీ8 (ఎనిమిది పెద్ద దేశాల కూటమి) నేతల సమావేశం చుట్టూ దాదాపు 70,000 మంది మానవహారం కట్టారు. మరుసటి ఏడు జర్మనీలోని కొలోన్‌లో జరిగిన జీ8 సమావేశంలో రుణమాఫీ పథకాన్ని విస్తరించారు. కోరిక ఒకటే, గడువు తేదీ పేరులోనే ఉంది, నిర్ణయించేవాళ్లు ఎనిమిది మందీ ఒకే గదిలో ఉన్నారు. సంతకాలకు బలం అక్కడి నుంచి వచ్చింది.

కాగితం మీద సేకరించాలా, ఆన్‌లైనా?

ఎవరికి ఇస్తున్నామో వారి నిబంధనలు ముందు చదవండి. కాగితం మీదైతే కోరిక పూర్తి పాఠం ప్రతి పేజీ పైనా ఉండాలి. వెనక పేజీల్లో లేకపోతే, ఏం చదివి సంతకం పెట్టారన్న ప్రశ్న వస్తుంది. ఇంట్లోవాళ్లందరి పేర్లూ ఒకే చేతిరాతతో ఉంటే ఆ వరుసలన్నీ కొట్టేస్తారు. ఫోన్ నంబరు అవసరం లేకపోతే అడగకండి, ఆ కాగితాలు ఎవరి చేతికి పోతాయో మీకు తెలియదు.

సొంతంగా లెక్కలు సేకరించాలంటే ఎలా? తాగునీటి ఉదాహరణతో చెప్పండి.

ముందు అధికారిక నిర్వచనం. దాంతో సరిపోలని లెక్కను 'మా పద్ధతి వేరు' అని పక్కన పెట్టేయడం చాలా సులువు. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి నడిపే పర్యవేక్షణ కార్యక్రమం తాగునీటిని ఐదు మెట్లుగా చూస్తుంది. అన్నిటికంటే పైన ఉన్నది సురక్షితంగా నిర్వహించే నీరు. నీటి వనరు ఇంటి ఆవరణలో ఉండాలి, అవసరమైనప్పుడు రావాలి, మలసంబంధ కాలుష్యం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లాంటి రసాయనాలు ఉండకూడదు. దాని కింద ప్రాథమిక సేవ: కుళాయి, బోరు, కప్పు వేసిన బావి లాంటి మెరుగైన వనరు ఉండి, వెళ్లి, వరుసలో నిలబడి, తిరిగి రావడానికి మొత్తం 30 నిమిషాలు మించకూడదు. మించితే పరిమిత సేవ. ఆ కింద రక్షణ లేని బావులు, ఊటలు. అడుగున చెరువు, వాగు నీరు.

ఈ మెట్ల వెనక ఒక కథ ఉంది. సహస్రాబ్ది లక్ష్యాల కాలంలో తాగునీటి లక్ష్యం ఐదేళ్లు ముందే, 2010లోనే చేరుకున్నామని ప్రకటించారు. అప్పుడు చూసింది వనరు రకం మాత్రమే. ఆ నీటిని ఎవరూ పరీక్షించలేదు. బోరు ఉంటే చాలు, అందులో ఫ్లోరైడ్ ఉన్నా లెక్కలో చేరిపోయింది. ఇప్పటి 6.1 సూచిక నీటి నాణ్యతను కూడా అడుగుతుంది. కాబట్టి 'మా దగ్గర నూరు శాతం ఇళ్లకు నీరు' అని ఎవరైనా అంటే, ఏ మెట్టు మీద నూరు శాతమో అడగండి.

కొలిచే తీరు ఇదీ. రోడ్డు పక్క ఇళ్లే ఎంచుకోకండి. జాబితా తీసుకుని ప్రతి ఐదో ఇల్లు, లేదా ప్రతి పదో ఇల్లు అని ముందే నిర్ణయించుకుని ఆ వరుస తప్పకండి. తాళం వేసి ఉంటే పక్కింటికి పోవడం కాదు, సాయంత్రం మళ్లీ రండి. పగలు తాళం వేసి ఉండేవి పనికి పోయేవాళ్ల ఇళ్లు. వాళ్లను వదిలేస్తే లెక్క వంకరవుతుంది. 'నీళ్లకు ఎంతసేపు పడుతుంది?' అని అడిగితే అంచనా చెబుతారు, అది నిజానికి చాలా దూరంగా ఉండవచ్చు. అందుకే కొన్ని ఇళ్లవారితో బిందె పట్టుకుని నడవండి. గడప దాటినప్పుడు ఒకసారి, వరుసలో నిలబడ్డప్పుడు, పాత్ర నిండినప్పుడు, తిరిగి గడప తొక్కినప్పుడు గడియారం చూసి నాలుగు సమయాలూ రాయండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండుసార్లూ చేయండి. మొత్తం సమయంలో నడక కంటే వరుసే ఎక్కువని తేలితే, అడగాల్సింది దగ్గర్లో ఇంకో కుళాయి కాదు, ఉన్న కుళాయికి ఎక్కువ గంటల సరఫరా.

నాణ్యతకు ప్రమాణం: 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ-కోలి (నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) కనబడకూడదు. ఆ కాలుష్యాన్ని ఇంటి దగ్గరే పరీక్షించే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా చవక. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడటం అనుమానానికి ఆధారం. ఎంత కాలుష్యం ఉందో అది చెప్పదు. కాబట్టి దాంతో జల్లెడ పట్టి, నల్లబడిన చోట్ల నమూనాలు ప్రయోగశాలకు పంపండి. ప్రయోగశాల ఇచ్చే శుభ్రమైన సీసానే వాడాలి, కుళాయిని ఒక నిమిషం వదిలాక పట్టాలి, మూత లోపలి భాగం వేలికి తగలకూడదు, ఐసు పెట్టెలో ఉంచి వీలైతే ఆరు గంటల్లో చేర్చాలి. క్లోరిన్ కలిపిన నీరైతే ఆ సంగతి ముందే చెప్పండి. క్లోరిన్‌ను విరిచే మందు వేసిన సీసా ఇస్తారు. అది లేకపోతే సీసాలో మిగిలిన క్లోరిన్ దారిలోనే సూక్ష్మజీవులను చంపేసి, చెడ్డ నీటికి మంచి సర్టిఫికెట్ వస్తుంది.

పేదరికం లెక్కలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయేం?

పేదరికపు గీత (రోజుకు ఇంతకంటే తక్కువతో బతికేవారు పేదలు అనే హద్దు) జరుగుతూ వచ్చింది కాబట్టి. 1.1 ఉపలక్ష్యం పాఠంలో రోజుకు 1.25 డాలర్లు అని ఉంది. ప్రపంచ బ్యాంకు దాన్ని 2015లో 1.90కి, 2022లో 2.15కి, 2025 జూన్‌లో 3 డాలర్లకు మార్చింది. పాత నివేదికలోని శాతాన్ని కొత్త నివేదికలోని శాతంతో పోల్చి 'పేదరికం పెరిగిపోయింది' అని పోస్టరు వేస్తే, మర్నాడే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఏ గీతో అంకె పక్కనే రాయండి.

తీరం లేదా నదిగట్టు శుభ్రం చేసే కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

మొదటి ఫోన్ చెత్త తీసుకెళ్లేవారికి. సంచులు నిండాక ఏ బండి, ఎన్ని గంటలకు, ఎక్కడికి తీసుకెళ్తుందో తేలకుండా తేదీ ప్రకటించకండి. గట్టు మీద వదిలేసిన సంచులను రాత్రికి కుక్కలు చింపుతాయి, మీరు చేసిందంతా వారంలో మళ్లీ నీళ్లలో ఉంటుంది.

నలుగురి జట్లుగా విడదీయండి: ఇద్దరు ఏరేవాళ్లు, ఒకరు సంచి పట్టుకునేవారు, ఒకరు రాసేవారు. రాసేవారు మరే పనీ చేయకూడదు. సముద్రతీరమైతే పోటు తగ్గుముఖం పట్టాక మొదలుపెట్టండి. సంచిని మూడింట రెండు వంతులే నింపండి, నిండా నింపితే మోసేటప్పుడు చిరుగుతుంది. సూదులు, పగిలిన గాజు పిల్లల చేత తీయించకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాను నేల మీద పెట్టి, పటకారతో సూదిని అందులో వేయాలి. డబ్బాను చేత్తో పట్టుకుంటే గుచ్చుకునేది ఆ చేతికే. ఎండిన నాచు, కొట్టుకొచ్చిన కట్టెలు చెత్త కాదు, వాటిలో జీవం ఉంటుంది, వదిలేయండి.

బరువు కంటే లెక్క ముఖ్యం. తడిసిన ఇసుకతో కలిపి తూస్తే ఏ అంకైనా వస్తుంది. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమం తొలి రోజు నుంచీ వస్తువులను రకాలవారీగా లెక్కపెడుతోంది. మీరు ఒక అడుగు ముందుకు వేసి బ్రాండు పేర్లూ రాయండి. 'చెత్త ఎక్కువగా ఉంది' అంటే ఎవరికీ పట్టదు. 'వంద మీటర్లలో 312 షాంపూ ప్యాకెట్లు, సగానికి పైగా ఒకే కంపెనీవి' (ఈ అంకె ఉదాహరణకే) అంటే ఎవరిని అడగాలో తెలిసిపోతుంది. ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఓస్పార్ పద్ధతిలో ఒకే 100 మీటర్ల తీరాన్ని ఏడాదికి నాలుగుసార్లు లెక్కిస్తారు. మీరూ రెండు గుర్తులు పాతుకుని అదే చోటికి తిరిగి రండి. ఏటా కొత్త చోట చేసే కార్యక్రమం వల్ల ఫొటోలు వస్తాయి, పోలిక రాదు.

మొక్కలు నాటడం?

మూడేళ్లు నీళ్లు పోసేదెవరో పేరు రాసిచ్చాక నాటండి. సహజమైన గడ్డిభూముల్లో నాటకండి, అక్కడ చెట్టు లేకపోవడం లోపం కాదు. నాటిన సంఖ్యను కాదు, రెండో వేసవి దాటి బతికిన సంఖ్యను ప్రకటించండి.

ఐరాస సమావేశాలకు మామూలు మనిషి వెళ్లవచ్చా?

వ్యక్తిగా నేరుగా కుదరదు, గుర్తింపు పొందిన సంస్థ తరఫున వెళ్లాలి. సుస్థిర అభివృద్ధి మీద ఏటా జులైలో ఉన్నత స్థాయి రాజకీయ వేదిక జరుగుతుంది. పౌర సమాజం అక్కడ మేజర్ గ్రూపుల ద్వారా మాట్లాడుతుంది. 1992 రియో సదస్సు నాటి నుంచి ఇవి తొమ్మిది: మహిళలు, పిల్లలు-యువత, ఆదివాసులు, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక ప్రభుత్వాలు, కార్మిక సంఘాలు, వ్యాపార పరిశ్రమలు, శాస్త్ర సాంకేతిక వర్గం, రైతులు. మీకు సరిపోయే గ్రూపులో చేరడానికి న్యూయార్క్ వెళ్లనక్కర్లేదు. ఉమ్మడి ప్రకటనల ముసాయిదాలు ఈమెయిల్లోనే తిరుగుతాయి. ముసాయిదా దశలో ఒక వాక్యం చేర్పించడం, హాలులో కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడటం కంటే తరచుగా ఎక్కువ పనిచేస్తుంది.

మీ సంస్థకే సంప్రదింపుల హోదా (ఐరాస సమావేశాల్లో పాల్గొనే గుర్తింపు) కావాలంటే ఐరాస ఆర్థిక, సామాజిక మండలికి దరఖాస్తు చేయాలి. సంస్థ పుట్టి కనీసం రెండేళ్లు కావాలి, దరఖాస్తు గడువు జూన్ 1, పరిశీలన మరుసటి ఏడాది.

స్వచ్ఛంద జాతీయ సమీక్ష అంటే ఏమిటి? అందులో మనకేం పని?

దేశాలు తమ ప్రగతిని తామే రాసి ఆ జులై వేదిక మీద చెప్పుకునే నివేదిక. 2016లో 22 దేశాలు చెప్పాయి, ఈ మధ్య ఏటా నలభై అటూ ఇటూ చెబుతున్నాయి. తన ప్రగతి పత్రం తానే రాసుకుంటే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అందుకే పౌర సంస్థలు సమాంతర నివేదిక తయారుచేస్తాయి.

అసలు కిటుకు సమయంలో ఉంది. నివేదికలు జూన్‌కల్లా ఐరాసకు చేరిపోతాయి. జులైలో విడుదల చేసే సమాంతర నివేదిక వార్తలకు పనికొస్తుంది కానీ, అధికారిక నివేదికలో ఒక్క అక్షరం మార్చదు. ముందటి శరదృతువులోనే ఏ మంత్రిత్వ శాఖ రాస్తోందో కనుక్కుని, సంప్రదింపుల సమావేశం ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి. సమావేశానికి పిలిచి సంతకాలు మాత్రం తీసుకుంటే, మీరు చెప్పినదేదో, అందులో నివేదికలోకి వచ్చిందేదో రెండు వరుసల పట్టికగా ప్రచురించండి. కంటితుడుపు సంప్రదింపులకు అంతకు మించిన మందు లేదు.

లక్ష్యాల రంగుల చక్రం, గుర్తులు మా బ్యానరు మీద వాడొచ్చా?

సమాచారం కోసమైతే ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఐరాస చిహ్నం లేని రూపాన్నే వాడాలి. ఐరాస మిమ్మల్ని సమర్థిస్తోందన్న భావన కలగకూడదు. విరాళాల సేకరణకు, అమ్మకానికి వాడాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. టీషర్టులు అమ్మేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఏ తేదీలకు ప్రచారం పెట్టుకోవాలి?

మార్చి 22 నీటి దినం, జూన్ 5 పర్యావరణ దినం, అక్టోబరు 16 ఆహార దినం, అక్టోబరు 17 పేదరిక నిర్మూలన దినం, నవంబరు 19 మరుగుదొడ్ల దినం. ఆ రోజుల్లో పత్రికల్లో చోటు దొరుకుతుంది, కానీ అందరూ అదే రోజు పోటీపడతారు. మా అభిప్రాయం: దినోత్సవం కంటే బడ్జెట్ ముసాయిదాకు రెండు నెలల ముందు రోజులు విలువైనవి. దినోత్సవాన్ని జవాబు గడువుగా వాడుకోండి.

ఒక కంపెనీ మా కార్యక్రమానికి డబ్బిస్తానంటోంది. తీసుకోవచ్చా?

మీరు అడగబోయేది ఆ కంపెనీనో, దాని పోటీదారునో అయితే వద్దు. మిగతా సందర్భాల్లో మూడు షరతులు రాసుకోండి: ఇచ్చిన మొత్తం బహిరంగంగా ప్రకటిస్తాం, ప్రకటనల పాఠం మీద వారికి అధికారం ఉండదు, వారి పేరు కోరికల పత్రం మీద ఉండదు. ఈ మూడింటికీ ఒప్పుకోని డబ్బు తర్వాత చాలా ఖరీదవుతుంది.

ఫొటోలు తీసి పెట్టవచ్చా?

మనిషిని అడిగి తీయండి, ఎక్కడ పెడతారో చెప్పండి. పిల్లలైతే తల్లిదండ్రులనూ అడగండి. ఫిర్యాదు చేసినవారి ఇల్లు గుర్తుపట్టేలా ఉంటే పెట్టకండి. మీరు మర్నాడు వెళ్లిపోతారు, వాళ్లు అక్కడే ఉండాలి.

జవాబు రాలేదు. ఇప్పుడేం చేయాలి?

గడువు దాటిన మర్నాడే గుర్తుచేస్తూ ఉత్తరం ఇవ్వండి, పాత ముద్ర నకలు జతచేయండి. రెండు వారాలు చూసి పై అధికారికి, ప్రతిపక్ష సభ్యుడికి, స్థానిక విలేకరికి అదే కాగితం పంపండి. సమాచార హక్కు చట్టం ఉన్న దేశంలో 'మా వినతి మీద తీసుకున్న చర్య, ఫైలు నోటింగుల నకలు' అని అడగండి. ఎందుకు చేయలేదని అడిగితే అభిప్రాయం చెప్పనక్కర్లేదంటారు, కాగితం అడిగితే కాగితం ఇవ్వాలి. ముఖాముఖి అవకాశం దొరికితే ముగ్గురే వెళ్లండి: ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, సమస్య అనుభవిస్తున్నవారు ఒకరు ఉండాలి. ఒప్పుకున్న మాటలను అదే రోజు రాత్రి ఈమెయిల్లో పంపి, 'పొరపాటు ఉంటే సరిచేయగలరు' అని రాయండి. ఎవరూ సరిచేయకపోతే అదే రికార్డు.

2030 తర్వాత ఏమవుతుంది?

2024 సెప్టెంబరు 22న ఐరాస ఆమోదించిన 'భవిష్యత్ ఒప్పందం' అనే తీర్మానం ప్రకారం, 2030 దాకా, ఆ తర్వాత ఎలా ముందుకు సాగాలన్న చర్చ 2027 సెప్టెంబరులో ఐరాస సర్వసభ్య సభ ఆధ్వర్యంలో జరిగే ఉన్నత స్థాయి రాజకీయ వేదిక ముందుకు వస్తుంది. తర్వాతి లక్ష్యాల్లో ఏ మాట ఉండాలో చెప్పాలనుకునే సంఘాలు తమ కొలతలు, తమ వాక్యాలు అంతకుముందే సిద్ధం చేసుకోవాలి. తాగునీటి సూచికలో నాణ్యత వచ్చి చేరింది కూడా లక్ష్యాలు రాసేటప్పుడే, రాశాక కాదు.